ఒక జత బూట్లు, ఇద్దరు లియానాలు

హానౌ ఊరి శివార్లలో ఒక ఫర్నిచర్ దుకాణానికి పాతికేళ్ళ పండుగ. కింద గోదాములో వేదిక, జనం. పై అంతస్తులో అమ్మకానికి పెట్టిన నమూనా పడకగదిలో ఇద్దరు ఆడవాళ్ళు, యాభై దాటినవాళ్ళు, వెండిరంగు బూట్ల జతని చెరోవైపు పట్టుకుని లాగుతున్నారు. వెనకాల హేంగరుకి వెండి కోటు ఒకటి వేలాడుతోంది.

“ముందు ఆ బూటు వదలండి.”

“మీరు వదలండి. నేను ముందొచ్చాను.”

“ముందొస్తే? రైల్లో సీటా ఇది? తలుపు మీద కాగితం చూసుకోండి. ‘జెట్ మిరాజ్ – లియానా’ అని రాసుంది.”

“అది చూసే లోపలికొచ్చాను. జెట్ మిరాజ్ బృందంలో లియానాని నేనే కదండీ.”

“ఏమిటీ?”

“నేనే. తొంభై మూడు నుంచీ నేనే. ‘ఫ్లై మై సండే’ పాట మీ చిన్నప్పుడు వినలేదూ?”

“నా చిన్నప్పుడా! ఎంత మాట! మహాతల్లీ, ఆ పాటకి ఊరూరా తిరిగి గెంతిందే నేను. నా పేరు డోర్టె. కీల్ నుంచి వచ్చాను. హార్ట్‌ముట్ స్వయంగా ఫోన్ చేసి పిలిచాడు.”

“హార్ట్‌ముట్టా? మా హార్ట్‌ముట్టా? నిర్మాత?”

“మీ హార్ట్‌ముట్ ఏమిటి? మా హార్ట్‌ముట్.”

“నాకూ ఫోన్ చేశాడే! ‘మార్లీస్, బంగారం, హానౌలో చిన్న కార్యక్రమం, వచ్చి నాలుగు గెంతులు గెంతి పో’ అన్నాడు. ఉల్మ్ నుంచి మూడు బళ్ళు మారి వచ్చాను.”

“నన్నూ బంగారమనే అన్నాడు.”

“వాడు అందరినీ అంటాడు లెండి. ఉండండి, ఫోన్ చేస్తాను... మోగుతోంది... మోగుతూనే ఉంది.”

“ఎత్తడు. మయోర్కా దీవిలో ఎండ కాచుకుంటున్నాడు. ముసలాడికి మతిమరుపు కూడా వచ్చిందట. ఇద్దర్నీ పిలిచి మరిచిపోయాడు. సరే మార్లీస్ గారూ, ఇది తేలిపోవాలి. మీరు ఎక్కడెక్కడ చేశారు?”

“మ్యూనిక్, స్టుట్‌గార్ట్, ఆస్ట్రియా మొత్తం. మీరు?”

“హాంబర్గ్, బ్రెమెన్, డెన్మార్క్. మ్యూనిక్ ఎప్పుడూ వెళ్ళలేదు.”

“నేను హాంబర్గ్ వెళ్ళలేదు. మీ పక్కన ర్యాప్ చెప్పే కుర్రాడో?”

“డ్వేన్. అమెరికా సైన్యంలో చేసి ఇక్కడే ఉండిపోయాడు.”

“నా పక్కన డారిల్. వాడూ అంతే. స్టేజి మీద పేరు ఎంసీ థండర్.”

“మా డ్వేన్ కూడా ఎంసీ థండరే!”

“ఓరి దుర్మార్గుడా! ఒకే రాత్రి రెండు ఊళ్ళకి రెండు జట్లు పంపాడన్నమాట! ఉత్తరాదికి ఒకటి, దక్షిణాదికి ఒకటి!”

“ఆగండాగండి. ఒకసారి లూబెక్‌లో ఎవడో వచ్చి ‘నిన్న మ్యూనిక్‌లో వేదిక మీంచి పడిపోయారు కదా, దెబ్బ తగ్గిందా’ అనడిగాడు. తాగి వాగుతున్నాడనుకున్నాను.”

“పడింది నేనే! మోకాలు చితికిపోయింది. చూడండి, ఇప్పటికీ మచ్చ.”

“అయ్యో! వాడికి నేను థాంక్స్ చెప్పాను కూడా.”

“మీకు దెబ్బ తగల్లేదు, పరామర్శ మాత్రం మీకందింది. బావుంది. మరి నా సంగతి వినండి. మా ఆయన నన్ను మొదట చూసింది బ్రెమెన్‌లో అంటాడు. ఆ రాత్రే మనసు పారేసుకున్నాడట.”

“బ్రెమెన్‌లోనా? మీరు బ్రెమెన్ వెళ్ళలేదు కదా?”

“వెళ్ళలేదు.”

“మరి ఆయనకి చెప్పలేదా?”

“ఎలా చెప్పనూ? పువ్వులు పట్టుకొచ్చి నిలబడ్డాడు, కళ్ళనిండా నీళ్ళు. ‘బ్రెమెన్ కాదు నాయనా, ఇంకోచోట వెతుక్కో’ అంటామా? పెళ్ళై ఇరవై ఎనిమిదేళ్ళు. ఇప్పటికీ పెళ్ళిరోజు వస్తే బ్రెమెన్ అంటాడు, నేను తలూపుతాను.”

“అంటే ఆయన చూసింది నన్ను!”

“అవునే సవతీ, నిన్నే.”

“నవ్వించకు. బూటు మాత్రం వదల్ను.”

“నేనూ వదల్ను. పాట సీడీ కవరు మీద బొమ్మ చూశావా? అందులో ఉన్నది నేను.”

“ముఖం చూడు, అది నాది.”

“నల్ల కళ్ళద్దాలు, జుట్టు. అందులో ముఖమెక్కడుంది? కాళ్ళు చూడు. ఎడమ పిక్క మీద పుట్టుమచ్చ. ఇదిగో!”

“...తల నాది, కాళ్ళు నీవి. అతికించాడు వెధవ.”

“అతికించేటప్పుడైనా మనల్ని ఒకసారి కలపొచ్చు కదా, కాఫీకి.”

“సరే, పాడిందెవరు? నువ్వా?”

“నేనా? నేను పాడితే పక్కింటి కుక్క ఏడుస్తుంది. నువ్వు కాదూ?”

“కాదు. నువ్వేమో అని ఒక్క నిమిషం భయపడ్డాను.”

“ఎవరో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే లావుపాటావిడట. మధ్యాహ్నం భోజనం గంటలో వచ్చి పాడేసి, మళ్ళీ క్లినిక్‌కి పరిగెత్తిందట. పాట ఐరోపా అంతా మోగాక కూడా పళ్ళే తోముతూ ఉండిపోయింది.”

“సొమ్మొకరిది, సోకు మనది.”

“సోకు మాత్రం ఏం మిగిలింది? తొంభై నాలుగులో టీవీ. తొంభై ఆరుకి డిస్కోలు. రెండువేలకి సూపర్ మార్కెట్ ప్రారంభాలు. పోయినేడు టైర్ల దుకాణం. లాటరీలో గెలిచినవాడికి నాలుగు టైర్లిచ్చి ఫోటో దిగాను.”

“నేను పందుల సంతలో చేశాను. చప్పట్ల కన్నా పందుల గోలే ఎక్కువ.”

“పందుల ముందు నా టైర్లు ఓడిపోయాయి. తీసుకో, ఆ గెలుపు నీదే.”

“గెలుపొద్దు. బూటియ్యి.”

“ఎందుకంత పట్టు? రొట్టెల దుకాణంలో నుంచుని నుంచుని ఏడాదికి ఒక్కరోజు సెలవు పెట్టి వచ్చాను. దుకాణంలో అందరికీ చెప్పాను కూడా. నాకూ ఉంటుందిగా సరదా?”

“నాకు సరదా కాదు మార్లీస్.”

“మరేంటి?”

“ఏం లేదు. బూటియ్యి.”

“ఏం లేకపోతే మాటిమాటికీ తలుపు వైపెందుకు చూస్తున్నావు?”

“కింద మా అమ్మాయి ఉంది. పియా. ముందు వరసలో.”

“ఉండనీ. చూస్తుంది, చప్పట్లు కొడుతుంది. అందులో ఏముంది?”

“అది నన్ను నమ్మదు. చిన్నప్పుడు నమ్మేది, బళ్ళో కూడా చెప్పుకునేది, మా అమ్మ లియానా అని. పన్నెండేళ్ళప్పుడు ఇంటర్నెట్‌లో ఆ టీవీ కార్యక్రమం వీడియో వెతికింది. ‘అమ్మా, ఇందులో నువ్వెక్కడ?’ అంది.”

“...అయ్యో.”

“అందులో ఉన్నది వేరే మనిషి. పొట్టిగా, గుండ్రటి ముఖం. నాకూ అర్థం కాలేదు. హార్ట్‌ముట్ ఆ రోజుకి ఎవర్నో అద్దెకి తెచ్చాడనుకున్నాను. అదే చెప్పాను. నేను కోతలు కోస్తున్నాననుకుంది.”

“పొట్టిగా, గుండ్రటి ముఖం అన్నావు చూడు, అందుకు బూటివ్వకూడదు నిజానికి. అది నేనే. కొలోన్‌లో తీశారు. ఆ రోజు జ్వరం కూడా.”

“ఇప్పుడు తెలిసింది కదా.”

“పిల్ల తిట్టిందా?”

“తిడితే బావుండు. ‘నువ్వు అబద్ధం చెప్పినా పర్లేదమ్మా, నువ్వంటే నాకిష్టమే’ అంది. ఇప్పటికి పదిహేనేళ్ళు. ఆ మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది. మొన్న హార్ట్‌ముట్ ఫోన్ రాగానే టికెట్ నేనే కొని పంపాను. ‘రా, నీ కళ్ళతో చూద్దువు గాని’ అన్నాను. ఇవాళ నేను వేదిక ఎక్కకపోతే నా బతుకంతా కోతలే.”

“ఆ మాట ముందే చెప్పొచ్చు కదా! ఇంతసేపూ బూటు లాగుతూ కూర్చున్నావు!”

“చెబితే ఇచ్చేదానివా?”

“ఇచ్చేదాన్ని కాదు. ఏడిపించి ఇచ్చేదాన్ని. ఇంద, తీసుకో. అబ్బ, కాలు ముందుకి పెట్టు. వేళ్ళు ముడుచుకోకు.”

“పట్టడం లేదు. ఇది ముప్పయ్యెనిమిది నంబరు.”

“హార్ట్‌ముట్‌కి మన కాళ్ళు ఇంకా పాతికేళ్ళవే. గట్టిగా తొయ్యి. ఆ... దిగింది. ఇప్పుడు రెండోది. ఎన్ని తాళ్ళు పెట్టారే దీనికి!”

“మెల్లిగా. సాసేజీలు తినే పోటీ అయ్యాకే కదా మనది? ఇంకా టైముంది.”

“నాకూ అదే చెప్పారు... డోర్టె.”

“ఊఁ?”

“ఆ చప్పుడేంటి?”

“ఏ చప్పుడు?”

“విను. నేల అదురుతోంది. దుం దుం దుం...”

“మన పాట! మొదలెట్టేశారు! అదేంటి, నేనింకా ఇక్కడే ఉన్నాను కదా! ఎలా మొదలెడతారు?”

“సాసేజీలు అయిపోయుంటాయి. టేపు వేసే అబ్బాయి ఎవరొచ్చారని చూస్తాడా ఏమన్నా? పరిగెత్తు!”

“ఈ మడమలతోనా? మెట్లు, ఆ వంటగదుల వరస, ఆ పరుపులన్నీ దాటి... ఇంకో బూటు తొడుగు, తొందరగా!”

“తొడుగుతున్నా. కాలు ఆడించకు!”

“నేనాడించట్లేదు, నువ్వే లాగుతున్నావు.”

“తాడు తెగింది.”

“ఏంటీ?”

“తెగిందే. నా ఖర్మ! ముప్పయ్యేళ్ళ నాటి తాడు!”

“అయిపోయింది. మార్లీస్, అయిపోయింది. రెండో చరణం వచ్చేసింది.”

“ఒక్క బూటుతో వెళ్ళు!”

“కుంటుకుంటూ నేను దిగేసరికి కరెంటు కూడా తీసేస్తారు. వద్దు. కూర్చో. పియా అక్కడ నుంచుని, డాన్సు పిల్లలు తప్ప ఎవరూ లేని వేదిక చూస్తూ ఉంటుంది. పాపం, అందరూ నవ్వుతూ ఉంటారు. అది మాత్రం నవ్వదు, నాకు తెలుసు.”

“ఏడవకే. ముఖానికి రంగేసుకున్నావు.”

“ఏడవట్లేదు.”

“మరి నోరు కదుపుతున్నావేంటి?”

“అలవాటు. ఈ పాటొస్తే నోరు దానంతటదే కదుల్తుంది. నీది కూడా కదుల్తోంది.”

“నాది ఉత్తినే కదుల్తోంది. నీదాంట్లోంచి శబ్దం వస్తోంది.”

“వస్తోందా?”

“వస్తోంది. పాడుతున్నావు నువ్వు.”

“చెండాలంగా ఉందా?”

“ఉంది. మొదట్లో మరీ. ఇప్పుడు కాస్త... ఆపకు, ఆపకు! ఆ పైకెళ్ళే దగ్గర ఊపిరి బిగబట్టకు. పాడు! అదీ!”

“ఫ్లై మై సండే... ఫ్లై...”

“ఇదిగో చివరి పల్లవి. కానీ, గట్టిగా!”

“...అయిపోయింది.”

“అయిపోయింది. చప్పట్లు విన్నావా? ఇంత చప్పట్లు ఎవరికి కొడుతున్నారు వీళ్ళు?”

“సాసేజీలు మళ్ళీ వచ్చుంటాయి. మార్లీస్, పియా వస్తుంది ఇప్పుడు. ఏం చెప్పనే?”

“ఉన్నది చెప్పు. నన్ను చూపించు. వీడియోలో ఉన్న గుండ్రటి ముఖం ఇదే అని చెప్పు.”

“పదిహేనేళ్ళు చెప్పాను. ఇంక చెప్పే ఓపిక లేదు.”

“అమ్మా! ఇక్కడున్నావా! దుకాణమంతా వెతికాను!”

“పియా... నేనొక మాట చెప్పాలి, కోప్పడకుండా విను—”

“నువ్వేం మాట్లాడకు. ముందు నన్ను చెప్పనీ. సారీ అమ్మా. ఇన్నేళ్ళూ నిన్ను నమ్మనందుకు సారీ.”

“ఏంటి తల్లీ?”

“చూశానమ్మా! అబ్బ, పొగ ఎంత వదిలారు! దగ్గుతో చచ్చాను. డాన్సు చేసే పిల్లల మోకాళ్ళు తప్ప ఏమీ కనబడదే! అయినా చూశాను. వెనకాల వెండి కోటు తళుక్కుమంది. చెయ్యెత్తి నా వైపు ఊపావు.”

“నేనా?”

“నువ్వు కాక ఇంకెవరు? నేనూ ఊపాను. పక్కనున్న ముసలాయనైతే ‘అదిగో లియానా, అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది’ అని ఒకటే ఏడుపు. నేను మా అమ్మే అని చెప్పాను. అందరికీ చెప్పాను. నా చెయ్యి పట్టుకుని ఊపేశారమ్మా జనం!”

“పియా, అది కాదు—”

“కోటేదీ? అదిగో, అప్పుడే తీసి హేంగరుకి పెట్టేశావా?”

“చెమట పట్టి తీసేసిందమ్మా.”

“మీరెవరండీ?”

“నేనా? బూట్లు తొడిగేదాన్ని. సరిగ్గా తొడగడం రాదనుకో.”

“అమ్మా, ఒక్కటి అడుగుతాను, తిట్టవుగా? నోరు కదపడం వేరు, పాడటం వేరు కదా. నువ్వెప్పుడూ ఆ సంగతి దాటేసేదానివి. ఇవాళ... ఇవాళ నిజంగా పాడావా?”

“నిజం చెప్పాలంటే పియా, నేను...”

“పాడిందమ్మా. నేను పక్కనే కూర్చుని విన్నాను.”