దొరసానిగారి లంక

"మామ్మా, మన లంకకి ఇంగ్లీషు దొరసాని వచ్చిందంటగా, నిజమేనా?"

ఆయ్, వచ్చిందమ్మా. పెద్ద తుఫానుకి కొబ్బరిచెట్లన్నీ పడిపోయేయి చూడు, ఆ మరుసటేడు. కాదు కాదు, మీ చిన్నత్త పురిటికొచ్చిన ఏడు. మిరపనారు వేస్తున్నాం. పడవ దిగి ఓ తెల్లావిడ, కూడా అమలాపురం కాలేజీ మాస్టారొకాయన వచ్చేరు. ఆవిడకేం పెద్ద వయసు కాదు, అరవై ఉంటాయేమో. గొడుగైనా లేదు, మొహం టమాటా పండులా కందిపోయింది.

మాస్టారు చెప్పేరు. ఆవిడ తాతముత్తాతలు వాళ్ళ దేశంలో పెద్ద జమీందార్లంట. ఊరంత మేడంట. అందులో తూర్పు వైపు గదులు ఇక్కడి లంక పొగాకు మీద వచ్చిన డబ్బుతో కట్టేరంట. ఆ మేడ చరిత్ర రాస్తోందంట ఆవిడ. "ఆ లంక ఏదో చూపించండి" అన్నారు.

మీ తాతగారికి గుండె జారిపోయింది. ఎందుకంటావా? మన చేనుకి అప్పటికి పట్టా లేదు కదా. గోదారి ఓ పక్క ఒడ్డు కోసేస్తే ఇంకో పక్క మట్టి తెచ్చి మేట వేస్తుంది. ఆ మేట మీద గడ్డి పీకి దున్నుకున్నవాడిదే చేను. లంకలో అదే పద్ధతి. ఈవిడ కాయితం తీసి మాదంటే ఏం చేస్తాం? ఈయన ఠక్కున చెయ్యి చాపి, "మీది అదిగోనండి, అవతలి లంక" అనేసేరు. అవతల ఉన్నదెవరూ? మా తమ్ముడు!

సాయంత్రానికి పడవ మళ్ళీ ఇటే వచ్చింది. మా తమ్ముడు కొబ్బరిబోండాలు కొట్టిచ్చి, కబుర్లు చెప్పి, "మాది కాదండి, అచ్చంగా మా బావగారిదే" అని పంపించేసేడు!

"మీ తమ్ముడి బుద్ధి చూసేవా" అని నా మీద ఎగిరేరు మీ తాతగారు.

"మీరు నేర్పిందేగా" అన్నాను.

ఇంక లాభం లేదని ఈయనే అడిగేసేరు. "మాస్టారూ, ఈ భూమి తీసేసుకుంటారాండి?" అని. ఆయన ఆవిడకి చెప్తే, నవ్వేసింది. ఆ మేడ కప్పు బాగుచేయించలేక వాళ్ళ నాన్నగారు ఎప్పుడో అమ్మేసేరంట. ఇప్పుడు జనం టిక్కెట్టు కొనుక్కుని చూస్తారంట. తను పుట్టిన గదిలోకి వెళ్ళాలన్నా, ఆవిడా వరసలో నిలబడి టిక్కెట్టు కొనుక్కోవలసిందేనంట.

మీ తాతగారు "అయ్యో, మీదీ కోతకెళ్ళిపోయిందా అమ్మా" అన్నారు.

అప్పుడింక వాళ్ళని పడవెక్కించి తనే తెడ్డు పట్టుకున్నారు. నేనూ ఎక్కేను. నది మధ్యలో ఆపి, "మీ పొగాకు పండిన పాత లంక ఇక్కడుండేదండి, మా నాన్నగారి చిన్నప్పుడే వెళ్ళిపోయింది" అని నీళ్ళు చూపించేరు. మళ్ళీ తనే మన చేను కేసి చూపించి, "ఆ మట్టే అటు చేరుంటుందండి. వంకాయలు బాగా కాస్తాయి" అన్నారు. పొద్దున్న అంత భయపడ్డ మనిషి!

ఆవిడ నీళ్ళలో చెయ్యి పెట్టి అలా కూచుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. లేదు, హాయిగానే ఉంది. వెళ్ళేటప్పుడు ఓ బుట్టెడు వంకాయలు ఇచ్చేను. హోటల్లో ఎలా వండుకుందో ఏమో మరి...

పట్టానా? తర్వాత వచ్చిందిలే. అందులోనూ ఓ చెక్క నేల మళ్ళీ గోదారి పట్టుకెళ్ళింది. ఉన్నది చాలు మాకు. నువ్వు ఎక్కడ కాలు పెడితే అక్కడ మేట వెయ్యాలి, అమ్మడూ.