పైపన్నకు నేను చదివిపెట్టిన చీటీ

రామ్మా, కూర్చో. ఏమిటీ, స్నేహితుల చీటీలు మళ్ళీ మొదలుపెడుతున్నారా? సంతోషం. సంఘానికి కొత్త కార్యదర్శివి, ఆ మాత్రం ఉత్సాహం ఉండవలసిందే. నన్ను అడగమని ఎవరు చెప్పారు, పాస్టర్ గారా? ఆయనకు ఆ రోజులు తెలియవు కనుక చెప్పి ఉంటారు. ఆ ఏర్పాటు నాదే, కాదనను. ఇరవై రెండేళ్ళు నీ కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ఏదో ఒకటి ప్రవేశపెడుతూ ఉండాలి కదా. అప్పటి పాస్టర్ గారు వరుసగా ఆరు ఆదివారాలు ప్రేమ మీదే ప్రసంగించారు. ఆరో వారం వచ్చేసరికి సంఘంలో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. అప్పుడు నేను లేచి, "మాటలు చాలు, ఇక క్రియలు కావాలి" అని గంభీరంగా సెలవిచ్చాను. ఎప్పుడూ అలా అనకు తల్లీ, ఆ పని నీకే అంటగడతారు.

పద్ధతి చాలా తేలిక. అందరి పేర్లూ రాసి కానుకల సంచిలో వేసి, తలా ఒక చీటీ తీయాలి. ఎవరి పేరు వస్తే వారు మన స్నేహితులు. నాలుగు వారాలు, వారానికొక మేలు చేయాలి. చీటీ సంగతి మాత్రం చెప్పకూడదు. ఐదో ఆదివారం లేచి నిలబడి, ఫలానావారి స్నేహితుణ్ణి నేను అని ప్రకటించాలి. ఎంత అందంగా ఉందో చూడు, కాగితం మీద. ఆరాధన ముగిసి పది నిమిషాలు కాలేదు, ఆవరణలో బేరాలు మొదలయ్యాయి. "అక్కా, మీకెవరు వచ్చారు? మావాళ్ళది మూడో అంతస్తు, నా మోకాళ్ళు ఒప్పుకోవు, మార్చుకుందామా?" పళ్ళ డాక్టరుగారి చీటీ ఒక్కటి కావాలంటే ఇద్దరు ముసలమ్మలను తీసుకోవాలట! ఆ లెక్కన ప్రభువు తన శిష్యులను కూడా ఇలాగే ఏరుకుని ఉంటే, ఆ పన్నెండుమందిలో కనీసం నలుగురు డాక్టర్లు ఉండేవారు. నవ్వకు. నేను వాళ్ళను మందలిస్తూ తిరుగుతున్నాను, జేబులో నా చీటీ పట్టుకుని. దాన్ని వదిలించుకునే దారి నాకూ దొరకడం లేదు మరి.

నాకు పియానో టీచరమ్మ వచ్చింది. నువ్వు ఆవిణ్ణి చూడలేదు, ఆ విషయంలో అదృష్టవంతురాలివి. ఒంటరి మనిషి, మందిరం వెనక వీధిలో ఉండేది. పాట మధ్యలో ఎవరైనా శ్రుతి తప్పితే వెనక్కి తిరిగి చూసేది. ఆ చూపు దెబ్బకు ఒకాయన ఏకంగా వేరే సంఘానికి వెళ్ళిపోయాడు. ఓ క్రిస్మస్‌కు నేను పాడిన పాట విని, "కార్యదర్శిగారూ, మీరు ప్రార్థన బాగా చేస్తారు, దాంతో సరిపెట్టుకోండి" అంది, నలుగురిలో. అటువంటి ఆవిడకు నేను నాలుగు వారాలు మేలు చేయాలి! ఆఁ, ఎక్కడున్నాం? మందిరం మెట్ల మీద. అక్కడికి వచ్చాడు పైపన్న.

పైపన్న అంటే కుళాయిలు బాగుచేసే ఆయన. సంఘంలో సగం ఇళ్ళ కాలువలు ఆయన చేతుల మీదుగానే పారేవి. పని అయిపోయాక ఎంత రుద్దుకున్నా ఆ వాసన పూర్తిగా వదిలేది కాదు, పాపం. అందుకని మా అందరికీ ఆయనంటే ఎంతో ప్రేమ, కాస్త దూరం నుంచి. పాటల పుస్తకం తెరిచి పట్టుకుని ప్రతి పాటా చివరి చరణం దాకా పాడేవాడు. చదువు రాదన్న అనుమానం ఎవరికీ రాలేదు. ఆ రోజు నన్ను పక్కకు పిలిచి, "వందనాలండి. కళ్ళజోడు మరిచిపోయి వచ్చాను, కాస్త ఇది చదివిపెడతారా?" అన్నాడు. ఆయనకు కళ్ళజోడే లేదమ్మా. చీటీ విప్పాను. నా పేరు.

ఏం చేసి ఉండాలి? "అన్నా, అది నేనే" అని నవ్వి ఉండాలి. నాకు తోచినదేమిటంటే, ఈయన నాలుగు వారాలు మా ఇంటికి వస్తాడు, ముందు గదిలో కూర్చుంటాడు, ఐదో ఆదివారం అందరి ముందూ లేచి నా భుజం మీద చెయ్యి వేస్తాడు, నేను నవ్వుతూ నిలబడాలి. రెండు క్షణాలు కూడా పట్టలేదు. "పియానో టీచరమ్మ" అని చదివాను. గొంతు తడబడిందేమో అనుకుంటున్నావా? వాక్యం చదివినట్టే స్పష్టంగా చదివాను. ఒక్క మాటతో నేను ఇవ్వవలసిన ప్రేమా తప్పింది, పుచ్చుకోవలసిన ప్రేమా తప్పింది. పరిపాలనా దక్షత అంటే అదీ! ఆయన మొహం కాస్త పాలిపోయింది. అయినా చీటీ మడిచి పాటల పుస్తకంలో పెట్టుకుని, "ప్రభువు చిత్తం" అన్నాడు. ఆయన నా చిత్తాన్ని అలా అపార్థం చేసుకున్నాడు.

మొదటి వారం వెళ్ళి తలుపు కొట్టాడట. ఆవిడ కిటికీలోంచి, "నేనెవరినీ పిలవలేదు" అంది. "తెలుసండి, వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు వీధిలోకి వినబడుతోంది" అన్నాడు. అంతే, తలుపు తెరుచుకుంది. ఆ చుక్కలు తాళం తప్పి పడుతున్నాయని ఆవిడకు మూడు నెలలుగా నిద్ర లేదట! వాషరు మార్చాడు. ఆవిడ గంటసేపు తప్పులు పట్టింది. రెండో వారం స్నానాల గది, మూడో వారం పైకప్పు మీద ట్యాంకు. ఇలా నాలుగూ అయ్యాయి. ఐదో ఆదివారం పైపన్న లేచి, టీచరమ్మ స్నేహితుణ్ణి నేనండి అన్నాడు. ఆవిడ మొదటిసారి వెనక్కి తిరిగి, చూసి, నవ్వింది. సంఘమంతా భయపడిపోయింది. నా వంతు వచ్చింది. నేను ఎవరికి స్నేహితుణ్ణో చెప్పాలి, నాకెవరు స్నేహితులో వారు లేవాలి. ఎవరూ లేవలేదు. నేను కళ్ళు మూసుకుని, "కొన్ని ప్రేమలు ప్రభువుకు మాత్రమే తెలిసి ఉండటం మేలు" అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళు కూడా తుడుచుకున్నారు.

అక్కడితో అయిపోవాలి కదా? నాలుగు వారాలు ముగిశాయని పైపన్నకు ఎవరూ చెప్పినట్టు లేదు. ప్రతి శనివారం సాయంత్రం వెళ్ళేవాడు. ఓసారి ఆవిడ చేయవలసిన పనులన్నీ కాగితం మీద రాసిస్తే, మళ్ళీ కళ్ళజోడు మరిచిపోయానన్నాడు. ఆవిడ ముందు ఆ ఎత్తు సాగుతుందా? ముప్పై ఏళ్ళు పిల్లల అబద్ధాలు విన్న మనిషి. "కూర్చో" అంది. పలక తెప్పించింది. యాభై దాటిన మనిషికి అక్షరం తప్పితే వేళ్ళ మీద స్కేలుతో కొట్టేదట! ఆయనే మురిసిపోతూ చెప్పేవాడు, "అబ్బ, ఏం దెబ్బండీ, నాకు మా అమ్మ గుర్తొచ్చింది" అని. రెండేళ్ళు పట్టింది. ఆవిడ మంచాన పడ్డాక ఆయనే మంచం పక్కన కూర్చుని కీర్తనలు చదివి వినిపించేవాడు. తప్పు చదివితే ఆ స్థితిలోనూ దిద్దేది. పోయేముందు చూడాలని అడిగింది ఆయన్నొక్కణ్ణే. నన్ను అడగలేదు. ఎందుకడుగుతుంది?

ఆవిడ పోయిన నెలకు, ఆదివారం మధ్యాహ్నం, పైపన్న మా ఇంటికి వచ్చాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల. చేతిలో ఆ చీటీ. పాటల పుస్తకంలోనే ఉండిపోయిందట. ఒకటి మాత్రం నిజం, ఆ క్షణాన ఆయన నన్ను తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. "ఇది మొన్న చదివానండి" అన్నాడు. "ఆ రోజు మెట్ల మీద వెలుతురు సరిగా లేదు కదండీ, ఎవరైనా పొరబడతారు" అన్నాడు. పట్టపగలమ్మా! పదకొండు గంటల ఎండ! "ఏమైనా మీ నాలుగు వారాలు అలాగే మిగిలిపోయాయి. ఇవాళ్టి నుంచి వద్దామని" అన్నాడు. లోపలికి రమ్మన్నాను. రమ్మని, మా ఇంటి అలవాటు చొప్పున, చేతిపని చేసుకునేవాళ్ళు ఎవరు వచ్చినా చేసేదే, కుర్చీ మెత్త మాసిపోకుండా దాని మీద ఆ పూట న్యూస్‌పేపరు పరిచాను. ఆలోచించి కాదు. చెయ్యి తనంతట తానే పరిచింది.

ఆయన కుర్చీ దగ్గర ఆగి పేపరు వైపు చూశాడు. రెండు చేతులతో జాగ్రత్తగా పైకి తీశాడు. మొహం చేటంత చేసుకుని, "నాకు చదువొచ్చిందని మీకెవరు చెప్పారండి?" అన్నాడు. "చూశారా, ఇంతవరకు ఒక్కరికీ తోచలేదు, నేను వస్తే చదువుకోవడానికి పేపరు పెట్టాలని." అని, ఆ మెత్త మీద కూర్చుని, మొదటి పేజీ మొదటి అక్షరం నుంచి, కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టాడు. వాతావరణం కూడా వదల్లేదు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆయన వైపు కాదు, నా వైపు చూస్తోంది.

నేనా? ఎదురుగా నిలబడి ఉన్నాను. పేజీ తిప్పాడు.

అవునూ, మీ అమ్మగారి మోకాలి నొప్పి ఎలా ఉందమ్మా ఇప్పుడు? నడుస్తున్నారా?