అరవై రెండు మందికి ఉడుకునీళ్లు

1998 డిసెంబరు. మాదాపూర్ గుట్టల వెనక ఒక మానసిక వైద్యశాల. ఆడవాళ్ల వార్డు పక్క గదిలో ఇద్దరే ఉన్నారు: విచారణకు వచ్చిన అధికారి ఉదయ్ భాస్కర్, ఆయా చంద్రమ్మ.

“మళ్లీ అడుగుతున్నానండి. చనిపోయిన ఆ పేషెంటు అమ్మాయి బాలమణి మీద వేణ్నీళ్లు పడ్డప్పుడు మీరెక్కడున్నారు?”

“చెప్పిన గద సారూ. చాయ్ తాగనీకి పోయిన.”

“పొద్దున సూపరింటెండెంటు పార్థసారథిగారితో అలా చెప్పలేదే. వార్డులోనే ఉన్నానన్నారట.”

“పొద్దున పరేషాన్‌ల ఉంటి. ఇప్పుడు యాదికొచ్చింది.”

“చాయ్ ఎక్కడ తాగారు?”

“గేటు బయట హోటల్ల.”

“గేటు బయట హోటలు కొట్టేశారు కదండీ. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. వస్తూ చూశాను.”

“అయితే ఇంట్లకెల్లి తెచ్చుకున్న చాయ్.”

“ఇంటి నుంచి తెచ్చుకున్న చాయ్ గేటు బయటికెళ్లి తాగారా?”

“...ఏదో ఒకటి రాసుకోండ్రి సారూ.”

“చేతికి ఆ కట్టేంటి?”

“రత్నమాల కొరికింది. ఎనిమిదో నంబరు మంచం. ఫిట్స్ వస్తయి ఆమెకు.”

“ఎప్పుడు కొరికింది?”

“మంగళారం.”

“మంగళవారం ఎప్పుడు?”

“...స్నానాలప్పుడు.”

“అంటే మీరు చాయ్ తాగుతుంటే రత్నమాల గేటు బయటికొచ్చి కొరికెళ్లిందా?”

“మస్తు తెలివిగల్లోళ్లు సారూ మీరు.”

“చంద్రమ్మగారూ, నేను మిమ్మల్ని ఇరికించడానికి రాలేదు. జరిగింది చెప్పండి, చాలు.”

“చెప్తె పొయ్యి తీసేస్తరు.”

“ఏ పొయ్యి?”

“ఉడుకునీళ్ల పొయ్యి. దాని మీది డ్రమ్ము. మీకు ముందటి సంగతి ఎర్క లేదు సారూ. ఇంతకుముందు ఈడ స్నానమంటే ఏందో తెల్సా? ఆడోళ్లందర్నీ బట్టలిప్పిచ్చి, గోడకు వరసగ నిలవెట్టి, పైపుతోని సల్లనీళ్లు కొట్టుడే. చలికాలం గూడ. మనిషికి ఇన్ని నీళ్లు మీద పడ్డయా, అయిపాయె, ఇగ నడు.”

“మీరే కొట్టేవారా?”

“మరెవరు కొడ్తరు? నేనే. పైపు పట్టుకుంటె అందరు నన్ను చూసి ఏడుస్తుండిరి. అవతల రోజు మళ్ల నా దగ్గరికే వచ్చి తల దువ్వమందురు.”

“తర్వాత?”

“రెండేండ్ల కింద చలికి నిమ్ము చేసి ముగ్గురు చచ్చిపోయిన్రు. అప్పుడు మేం ఆయాలందరం కలిసి అర్జీ పెట్టినం. ఉడుకునీళ్లు కావాలె, డ్యూటీకి ఇద్దరు ఆయాలు కావాలె అని. నేనే ముందు వేలిముద్ర వేసిన.”

“రెండూ అడిగారు.”

“ఒక్కటే ఇచ్చిన్రు.”

“వేణ్నీళ్లు ఇచ్చారు. మనిషినివ్వలేదు.”

“అరవై రెండు మంది, నేనొక్కదాన్ని. అయినా నడిపిన సారూ. ఆరుగురు ఆరుగుర్ని లోపలికి తీస్కపోతుంటి. తలకు నూనె పెడ్తుంటి. చెంబుతోని పోసుడు. నీళ్లు మీద పడంగనే కొందరు నవ్విన్రు. ఏండ్ల సంది నవ్వనోళ్లు నవ్విన్రు.”

“మంగళవారం సంగతి చెప్పండి.”

“అవతల కొత్త బిల్డింగు కోసం బండలు పేలుస్తున్నరు గద. రోజు పగటేల, సైరన్ కొట్టి పేలుస్తుండిరి. సైరన్ వింటె నేను అందర్నీ మంచాల మీద కూసోవెట్టి చెవులు మూసుకోమంటుంటి. ఆ రోజు పొద్దుగాల్నే పేలిచ్చిన్రు. సైరన్ లేదు. స్నానాలు నడుస్తున్నయి.”

“ఊ.”

“కిటికీలు అదిరినయి. ఆరుగురు ఆరు దిక్కుల ఉరికిన్రు. రత్నమాల అక్కడ్నే పడి కొట్టుకుంటుంది. తల బండకు తగుల్తుంది. నేను తల ఒళ్ల పెట్టుకొని, నాలుక కొరుక్కోవద్దని నోట్ల తువ్వాల పెట్టవోయిన. చెయ్యి దొరికింది ఆమెకు.”

“బాలమణి?”

“పొయ్యి ఎనుక దాక్కుందామని పోయింది. చప్పుడైతె ఎప్పుడూ ఎనుకకే పోతది. డ్రమ్ము పట్టుకుంది. అది మీదికి ఒరిగింది.”

“మీకు కనపడుతోందా?”

“కనవడ్తుంది.”

“కేకలేసిందా?”

“వేయలే. ఒక్కసారి పిలిచింది.”

“ఎవర్ని?”

“నన్నే. ఇంకెవరున్నరు ఈడ.”

“ఏమని పిలిచింది?”

“అమ్మా అని. అందరు గట్లనే పిలుస్తరు సారూ. అరవై రెండు మందీ.”

“మరి మీరు...”

“రత్నమాల తల ఇడిస్తె బండకు తగిలి పానం పోతుండె. ఇడవలే. అంతే. ఇగ అడగకుండ్రి.”

“నీళ్లు తాగండి. తాగండి, పర్లేదు.”

“వద్దు.”

“వినండి. ఇందులో మీ తప్పు లేదు. ఇదంతా ఉన్నదున్నట్టు రాస్తాను. అరవై రెండు మందికి ఒక్కరే ఆయా. ఇంకొకర్ని అడిగినా ఇవ్వలేదు. మీ ఉద్యోగానికేం కాదు, నాది పూచీ.”

“అట్ల రాస్తె ఇంకో ఆయాను ఇస్తరా?”

“...పోస్టుల మీద నిషేధం ఉందండి. ఇప్పట్లో కష్టం.”

“పొయ్యి?”

“చూసుకునే మనుషులు లేని చోట ప్రమాదకరమైన వస్తువు ఉంచకూడదని రూలు. మనుషులొచ్చేదాకా మూసేస్తారు.”

“మనుషులు రారు.”

“రావడానికి టైం పడుతుంది.”

“అంటే మళ్ల పైపు. పార్థసారథి సారు పొద్దున గదే అన్నడు. అడిగిన్రు, ఇచ్చినం, ఏమైందో చూసిన్రు గద, పైపే నయముండె అన్నడు. అందుకే చాయ్ అన్న సారూ. నాకు ఉద్యోగం ఫికర్ లేదు.”

“అర్థమైంది. కానీ అది అబద్ధం.”

“ఆయా చాయ్‌కి పోయిందని రాస్తె తప్పు ఎవరిది?”

“మీది.”

“పొయ్యిది గాదు?”

“కాదు.”

“మరి పొయ్యి ఉంటదా?”

“...ఉంటుంది. ఏర్పాటు బాగానే ఉంది, మనిషి నిర్లక్ష్యం చేసింది అని అవుతుంది. మిమ్మల్ని తీసేస్తారు. మీ స్థానంలో ఇంకొకర్ని వేస్తారు. ఖాళీని నింపడానికి నిషేధం అడ్డం కాదు.”

“అట్లనే రాయుండ్రి.”

“చంద్రమ్మగారూ, ఒక మనిషిని మీరు చంపినట్టు అవుతుంది. రేపు పేపర్లో కూడా అలాగే వస్తుంది.”

“నాకు చదువు రాదు.”

“హాస్యం కాదండి.”

“నేనూ హాస్యమాడ్తలేను. జనవరి ఇంకా రాలే సారూ. ముసలోళ్లే పదిహేను మందున్నరు. జర పొయ్యి చుట్టూ ఇనుప జాలీ పెట్టమని గూడ రాయుండ్రి. బండలు పేల్చెటోళ్లు ముందుగాల చెప్పాలె అని గూడ.”

“అది రాస్తాను. తప్పకుండా రాస్తాను.”

“ఇగ చాయ్‌ది రాయుండ్రి.”

“...బాలమణిని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాక మీరు చూశారా? మూడు రోజులు బతికిందట కదా.”

“డ్యూటీ దిగి ఒక్కసారి పోయిన. తలుపు కాడ ఆపిన్రు. నువ్వేమైతవన్నరు. ఆయాన్నని చెప్పిన. ఆయాలు లోపలికి రావద్దన్నరు.”

“ఇక్కడ ఫైల్లో వయసు ఇరవై ఐదని ఉంది.”

“ఇరవై మూడు.”

“మీకెలా తెలుసు?”

“...చూస్తె తెలుస్తలేదా.”

“సరే. రాస్తున్నాను. ‘ఆ సమయంలో నేను వార్డులో లేను. టీ తాగడానికి వెళ్లాను.’ ఇలా రాసినందుకు నాకు నిద్ర పట్టదు, అది మాత్రం మీకు చెప్తున్నా.”

“మీరు మంచోళ్లు. పడ్తది తియ్యుండ్రి. వేలు ఇయ్యాల్నా?”

“ఇక్కడ. కట్టు లేని చెయ్యి. ఆఁ. ఈ క్షణం నుంచి మీరు సస్పెన్షన్లో ఉన్నట్టు. నాలుగు రోజుల్లో తీసేసినట్టు ఉత్తరం వస్తుంది. తాళాలు ఇచ్చేయండి.”

“ఇగో. పెద్దది వార్డుది. చిన్నది నూనె సీసాల బీరువది. కొత్తామెకు చెప్పుండ్రి, రత్నమాలకు మందులేసి మింగిందాక ఈడనే నిలవడాలె.”

“చెప్తాను. ఇంకో కాగితం ఉందండి. బాలమణి శవం మార్చురీలో ఉంది. లింగంపల్లి స్టేషన్లో తిరుగుతుంటే పోలీసులు తెచ్చి చేర్చారు, నా అన్నవాళ్లు లేరు అని ఫైల్లో రాసుంది. సాయంత్రం మున్సిపాలిటీ వాళ్లు తీసుకెళ్లి దహనం చేస్తారు. గుర్తుపట్టినట్టు వార్డు ఆయా వేలిముద్ర కావాలి. పొద్దున్నే టైపు చేసి ఉంచారు. ఇదొక్కటి వేసి వెళ్లిపోండి.”

“నన్ను తీసేసిన్రు గద సారూ?”

“తీసేసినట్టే. అది... అవునండి, మీరు వేయకూడదు. వార్డుబాయ్ ఎల్లేశాన్ని పిలిచి వేయిస్తాను.”

“ఆగుండ్రి. పేషెంటు సొంతోళ్లను ఈ వార్డుల పనికి పెట్టుకోరు. చేరిన నాడు నాతోని వేలు పెట్టిచ్చుకున్నరు, నాకెవ్వరు లేరని. ఆ రూలు ఇగ నాకు లేదు గద?”

“లేదు. ఎందుకడుగుతున్నారు?”

“మున్సిపాలిటోళ్లను రావద్దనుండ్రి. ఆ కాగితం మీద ఆయా అని ఉన్నకాడ కొట్టేసి తల్లి అని రాయుండ్రి, వేలు పెడ్త.”