లీటరుకు నాలుగు చుక్కలు

మిట్టమధ్యాహ్నం, ఊరి బయట రోడ్డు పక్కన ఆగిపోయిన శవాల బండి. ముందు డ్రైవరూ, అతని బావమరిదీ. వెనక, మూసిన పెట్టె పక్కన, చనిపోయినాయన భార్య.

"పోశావా లేదా? ముందది చెప్పు."

"ఏది బావా?"

"ఏదా? నీ జేబులోంచి మూతి బయటపెట్టి నన్నే చూస్తోందే, ఆ సీసాలోది. ట్యాంకులో పోశావా?"

"అంటే... పూర్తిగా పొయ్యలేదు."

"పూర్తిగా పొయ్యకపోవడమేంట్రా? కొంచెం పోశావా?"

"కొంచెమే. మూత కడిగినట్టు."

"మూత కడిగితే బండి నడిరోడ్డు మీద చతికిలబడుతుందా?"

"చతికిలబడలేదు బావా, మందు పడుతోంది. గురువుగారు ముందే చెప్పారు. మొదట్లో ఇంజను కాస్త తిరగబడుతుంది, లోపలి మకిలంతా కక్కేస్తుంది, ఆ తర్వాత గుర్రమే."

"గుర్రమా! వెనక శవాన్ని పెట్టుకుని గుర్రం కావాలా నీకు?"

"మెల్లగా బావా, ఆవిడ వింటుంది."

"నాయనా డ్రైవరూ, వచ్చేశామా?"

"లేదమ్మా, ఇంకా సగం దూరం ఉంది. చిన్న... చిన్న చెకింగు. మీరు లోపలే కూర్చోండమ్మా, బయట ఎండ."

"కూర్చుంటాలే. నాకేం తొందర? ఈయనకి అసలే లేదు."

"విన్నావురా సైంటిస్టూ? పుట్టెడు దుఃఖంలో ఉండి కూడా ఆవిడ జోకేస్తోంది. మన ఓనరు వేసే జోకు ఇంత బాగుండదు. పోయిన నెల దారి తప్పించి శవాన్ని పెళ్లి హాలు ముందు ఆపించింది ఎవరు?"

"నేను ఎడమకి తిరగమన్నాను బావా, నువ్వు నీ ఎడమకి తిరిగావు."

"నీకో ఎడమా నాకో ఎడమా ఉంటాయా? మీ అక్క మొహం చూసి నిన్నీ పనిలో పెట్టించాను. పెట్టె మొయ్యడానికి ఓ మనిషి కావాలన్నాను. చివరికి నిన్ను నేను మోస్తున్నా."

"నీ మేలు కోసమే పోశాను బావా. డీజిల్ మిగిలితే ఓనరు మెచ్చుకుంటాడని. నువ్వసలు సైన్సునే నమ్మవు."

"ఏ సైన్సు? సీసా మీద ఏం రాసుందో చదువు."

"దగ్గు మందు."

"దగ్గు మందు సీసాలోది డీజిల్ ట్యాంకులో పోసి సైన్సంటావా?"

"సీసా పాతది బావా. లోపల సరుకు కొత్తది. నేనే కలిపాను. లీటరుకి నాలుగు చుక్కలు."

"ఏం కలిపావు?"

"చెప్పకూడదు. మాటిచ్చాను."

"ఎవరికి?"

"గురువుగారికి."

"ఎవర్రా ఆ గురువుగారు? ఏ కాలేజీ?"

"సంతలో... సంత దగ్గర కూర్చుంటారు."

"సంతలోనా! ఇటుపక్క దువ్వెనలు, అటుపక్క ఎలకల మందు, మధ్యలో గురువుగారా?"

"ఎలకల మందు పక్కనే. నీకెలా తెలుసు?"

"దేవుడా!"

"నవ్వు బావా, నవ్వు. నా మోపెడ్‌కి లీటరుకి మూడు కిలోమీటర్లు ఎక్కువొచ్చింది. కళ్లారా చూశా."

"మందు పొయ్యకముందు ఎంతొచ్చేది?"

"కొలవలేదు."

"మరి మూడెక్కువని ఎలా తెలిసింది?"

"తెలుస్తుంది బావా. ఇంజను హాయిగా ఉంది."

"నీతో చెప్పిందా?"

"శబ్దం మారింది."

"మీటరు ముల్లు చచ్చి ఎన్నేళ్లయిందో నీకే తెలీదు. దేంతో కొలిచావు?"

"అందాజుగా. మా ఇంటి నుంచి మీ ఇంటికి."

"మీ ఇంటి నుంచి మా ఇంటికి అంతా పల్లమే కదరా! ఇంజను ఆపేసినా జారుకుంటూ వస్తావు. వస్తున్నావు కూడా, రోజూ, సరిగ్గా కంచాలు పెట్టే వేళకి."

"అన్నం దగ్గరికి రాకు బావా. విషయం మీద మాట్లాడు."

"విషయమే మాట్లాడతా. నాలుగు చుక్కలతో మైలేజి పెరిగేట్టయితే, బండ్లు చేసే కంపెనీల్లో ఇంజనీర్లంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారా?"

"వాళ్లకి తెలుసు. బయటపెట్టరు. డీజిల్ అమ్మేవాళ్లతో కుమ్మక్కు."

"ఓహో. లోకమంతా కుమ్మక్కయిపోయింది. ఈ దగ్గు మందు సీసా ఒక్కటే ఎవరికీ లొంగలేదు."

"అలా వెటకారం చేసేవాళ్లే రేపు క్యూలో నిలబడతారని గురువుగారు..."

"అదిగో, మోగుతోంది. ఓనరు. నోరు మూసుకో. హలో, సార్... దార్లోనే సార్. లేదు సార్, ఆగలేదు, నెమ్మదించాం. శబ్దం రావట్లేదా? ఇవాళ ఇంజను చాలా సైలెంటుగా ఉంది సార్... ఆయనా? ఆయన బాగానే ఉన్నారు సార్. అంటే, ఉన్నట్టే ఉన్నారు... పావుగంటలో సార్. సరే సార్."

"ఏమన్నాడు?"

"పార్టీ నుంచి ఇంకొక్క కంప్లయింటు వస్తే తాళాలు టేబులు మీద పెట్టి పొమ్మన్నాడు. నన్ను. నిన్ను కాదు. నువ్వొకడివున్నావని ఆయనకి గుర్తే లేదు."

"సారీ బావా."

"సారీతో ఫిల్టరు ఊడదు. ఆ స్పానరు ఇటివ్వు. అది కాదు, పెద్దది. ఈ డబ్బా కింద పట్టుకో. చొక్కా మీద పోసుకోకు... ఆఁ, వచ్చింది. చూడు. కళ్లారా చూడు. ఏంటిది?"

"తెల్లగా ఉంది."

"తెల్లగా సున్నం ముద్దలా ఉంది. ఇది అడ్డం పడితే డీజిల్ ఎటు పోతుంది, నీ తలకాయలోకా?"

"మకిల బావా! ఇంజను కక్కిన మకిల! చెప్పలేదూ?"

"ఇంజను మకిల నల్లగా ఉంటుందిరా వెధవా. వాసన చూడు."

"బీరువా వాసన."

"డీజిల్లోకి బీరువా వాసన ఎలా వచ్చింది? ఆగు... ఆగాగు. ఈ వాసన నాకు తెలుసు. రెండ్రోజులుగా మా ఇంట్లో టీ ఇదే వాసనేస్తోంది. ఎందులో కలిపావు దీన్ని?"

"గిన్నెలో."

"ఏ గిన్నెలో?"

"అక్క పాలగిన్నెలో. కడిగేశాను బావా! రెండుసార్లు కడిగాను!"

"నేను తాగానురా! రెండ్రోజులు తాగాను! టీ పొడి మార్చావా అని మీ అక్కతో పోట్లాడాను కూడా!"

"కలరా ఉండలు."

"ఏంటమ్మా? అమ్మా, మీరెప్పుడు దిగారు?"

"ఇందాకే నాయనా. ఆ వాసనొచ్చి దిగాను. బట్టల మధ్య పెడతారే, ఆ ఉండలు. ఈ అబ్బాయి సరిగ్గా నూరలేదు. మెత్తగా నూరి, పల్చటి గుడ్డలో వడగట్టాలి. లేకపోతే ఇలాగే అడ్డం పడుతుంది. ఆ సీసా ఇటివ్వు బాబూ."

"ఎందుకమ్మా?"

"ఇవ్వు, తినెయ్యను... ఊఁ. కలరా ఉండలు, ఆముదం, గోళ్ల రంగు తుడిచే మందు. పైన సిరా. నువ్వు నీలం వేశావు. ఎరుపు వెయ్యాల్సింది, గట్టి మందులా కనిపిస్తుంది."

"అది రహస్యం! నేనెవరికీ చెప్పలేదు! బావా, ఒట్టు, నేను చెప్పలేదు!"

"నువ్వు చెప్పలేదురా. ఆవిడే నీకు చెప్తున్నారు."

"ఎవరు నేర్పారు బాబూ నీకిది?"

"గురువుగారమ్మా. సంతలో..."

"ఎలకల మందు పక్కన. పచ్చ టోపీ పెట్టుకుని."

"అవును!"

"మాటకి ముందు 'రాసి పెట్టుకో', మాట అయ్యాక 'రాసి పెట్టుకో'."

"అవునమ్మా! 'రాసి పెట్టుకో, నెల తిరక్కుండా నువ్వే నన్ను వెతుక్కుంటూ వస్తావు' అన్నారు. నిజంగానే వెతుకుతున్నాను. ఎన్నో వారాలుగా సంతకి రావట్లేదు. మీకు తెలుసా ఆయన? ఎక్కడున్నారు?"

"వెనక ఉన్నాడు నాయనా."

"వెనకా? ఏ వెనక?"

"ఒరేయ్. పెట్టెలో."

"పెట్టెలోనా?"

"పెట్టెలోరా."

"గురువుగారా! నేనే కదా బావా ఆసుపత్రిలో కాళ్లవైపు పట్టుకున్నాను. మొహం మీద గుడ్డ ఉంది. నేను చూడనే లేదు. తేలిగ్గా ఉన్నారని కూడా అన్నాను నీతో."

"అన్నావు. ఊరుకో. అమ్మా, వీడికి నోరే గానీ మనసులో ఏం ఉండదు, ఏమీ అనుకోకండి."

"ఏమనుకుంటాను? తేలికే అయిపోయాడు చివర్లో... ఉండు నాయనా, మా పెద్దాడి ఫోను. ఆఁ నాన్నా. వస్తున్నాం. లేదు లేదు, డ్రైవరు తప్పేం లేదు. నాకే కళ్లు తిరిగినట్టుంటే చెట్టు నీడన ఆపమన్నాను. వద్దు, మీరు వెనక్కి రావద్దు. అందర్నీ కూర్చోబెట్టండి. మీ నాన్నా? ఎక్కడికి పోతాడు, ఇక్కడే ఉన్నాడు. పెట్టేస్తున్నా."

"మా కోసం అబద్ధం చెప్పారామ్మా?"

"నాకేం కొత్త? ఆయన మందు అమ్మినన్నాళ్లూ వీధి తలుపు తీసి 'ఆయన ఇంట్లో లేరు' అని చెప్పింది నేనేగా. వంటింట్లో నుంచి దగ్గుతూనే ఉండేవాడు."

"తిట్టడానికి వచ్చేవాళ్లా?"

"ఒకళ్లో ఇద్దరో. మిగతావాళ్లు ఇంకో సీసా కోసం వచ్చేవాళ్లు."

"విన్నావా బావా! ఇంకో సీసా కోసం! పనిచేస్తేనే కదా మళ్లీ వస్తారు!"

"నువ్వాగు. అమ్మా, మీరు చెప్పండి. నిజంగా పనిచేసేదా?"

"మోసపోయానని నలుగురిలో చెప్పుకోవడం కష్టం నాయనా. మైలేజి పెరిగిందని చెప్పుకోవడం తేలిక. పైగా పక్కవాడు కూడా కొంటే నీకు తోడు దొరికినట్టు."

"కానీ నాకు నిజంగా పెరిగిందమ్మా!"

"షరతులు చెప్పాడా నీకు?"

"చెప్పారు. టైర్లలో గాలి వారం వారం చూపించాలి, బండిని పరిగెత్తించకూడదు, ఊరికే బ్రేకు తొక్కకూడదు, ఆగినచోట ఇంజను ఆపెయ్యాలి. ఒక్కటి తప్పినా మందు పట్టదన్నారు."

"అవన్నీ చేస్తే మందెందుకురా? మంచినీళ్లు పోసినా... కాదులే, మంచినీళ్లు పొయ్యకు. నువ్వు పోసినా పోస్తావు. అసలేమీ పొయ్యకపోయినా పెరుగుతుంది."

"పెళ్లయిన కొత్తలో నేనూ అదే అడిగాను నాయనా. ఆ నాలుగు మాటలే చెప్పి ఊరుకోరాదా, ఈ కంపు ఎందుకు అని. 'ఊరికే చెప్తే ఎవడు వింటాడే? సీసా కొన్నవాడు సీసా దండగవుతుందనైనా వింటాడు' అన్నాడు."

"అంటే మోసమేగా అమ్మా?"

"మోసమే. కాదని నేనెప్పుడైనా అన్నానా? అన్నం దగ్గర రోజూ అదే గొడవ మాకు."

"నన్ను శిష్యుడన్నారమ్మా. కన్నకొడుకులకి కూడా చెప్పలేదు, నీకే చెప్తున్నానన్నారు."

"అందరితోనూ అనేవాడు బాబూ."

"తల మీద చెయ్యి పెట్టి చెప్పారు."

"చేతికి ఈ వాసనుండేదా?"

"ఉండేది."

"ఇంకా ఉంది. పొద్దున మూడుసార్లు సబ్బు పెట్టి కడిగాను. పోలేదు."



"ఒరేయ్, ఏడుస్తున్నావా?"

"లేదు బావా. డీజిల్ పడింది కంట్లో."

"సరే, కళ్లు తుడుచుకుని ఆ చేతిపంపు కొట్టు. డీజిల్ గొట్టంలో గాలి పోవాలి. కొట్టు, కొట్టు... ఇంకా. ఫిల్టరు కడిగేశాను. కష్టపడి అక్కడిదాకా చేర్చొచ్చు. చాలు. జరుగు, తాళం తిప్పుతున్నా."

"రాలేదు బావా."

"తెలుస్తోంది. ఇంకో నాలుగు కొట్టు... ఇప్పుడు... రా తల్లీ, రా... ఆఁ! పట్టుకుంది!"

"చూశావా బావా, మకిలంతా పోయింది, ఇక గుర్రమే..."

"నోర్ముయ్."

"నువ్వు కోప్పడకు నాయనా. ఇంకా ఆ పెద్దమనిషి మాటల్లోంచి బయటికి రాలేదు పిల్లాడు. టైం పడుతుంది. నాకే పట్టలేదూ?"

"ఒక్కటి అడగనా అమ్మా? ఏమీ అనుకోకండి. గురువుగారి సొంత బండి ఎంత ఇచ్చేది లీటరుకి?"

"సొంత బండా? ఆయనకి బండెక్కడిది బాబూ? సంతకి సైకిలు మీద పోయేవాడు. హ్యాండిలుకి సీసాల సంచి, వెనక క్యారియరు మీద నేను."

"సైకిలా!"

"బండి తోలడం కూడా రాదు. ఓసారెవరిదో తోలి చూశాడు, గోడ అడ్డం వచ్చింది."

"బావా, నవ్వకు. తప్పు."

"నవ్వట్లేదురా. దగ్గు. అమ్మా, చెయ్యివ్వండి, మెట్టు ఎత్తు. వెనక వద్దు, ఇలా ముందు కూర్చోండి, గాలొస్తుంది. వీడు పెట్టె దగ్గర కూర్చుంటాడు."

"వద్దు, నేను ఆయన పక్కనే కూర్చుంటా."

"మీ ఇష్టం. గట్టిగా పట్టుకోండమ్మా. ఆలస్యమంతా కలుపుకుంటాను. పదంటే పది నిమిషాల్లో మీవాళ్ల దగ్గర దింపేస్తా, మీ అబ్బాయి కూడా ఇంకేం అనడు."

"అంత తొందరొద్దు నాయనా."

"భయమాండీ? నేను జాగ్రత్తగానే తోలతాను."

"భయం కాదు. ఎప్పటికైనా కారు కొని, పక్కన కూర్చోబెట్టుకుని తిప్పుతానే అనేవాడు. ఆయన చెప్పినవాటిలో నేను నమ్మింది ఆ ఒక్కటే. మేమిద్దరం కలిసి బండెక్కడం ఇదే మొదలు... చుట్టుదారేమైనా ఉంటే అటు పోనియ్యి."