మూతేసిన గంట

మైపాడు దారిలో రొయ్యలు ఒలిచే షెడ్డు. ఆఫీసు గదిలో హాజరు చూసే ఆమె, కంప్యూటర్ బాగుచేయడానికి నెల్లూరు నుంచి వచ్చినతను.

“పొద్దున ఆన్ చేసినప్పుడు సరిగ్గానే ఉంటాది అబ్బయా. మధ్యాహ్నం బిగుసుకుపోతాది. ఆనక టైం గంట వెనకబడతాది.”

“మధ్యాహ్నం నువ్వేం చేస్తావక్కా?”

“అన్నం తిని గంటసేపు నడుం వాలుస్తా.”

“ల్యాప్‌టాప్‌ని?”

“ఉప్పుగాలి తగలకుండా మూతేసి, తుండుగుడ్డ కప్పుతా.”

“జోలపాట కూడా పాడతావా?”

“ఎగతాళి చాల్లే. రోగమేందో చెప్పు.”

“మీ హాజరు ప్రోగ్రాం పాతది. దానికోసం ఈ కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ పెట్టినారు, వర్చువల్ మిషన్ అంటారు. నువ్వు మూతేస్తే అదీ పండుకుంటాది. లేచినాక, పండుకున్న టైం నుంచే మళ్లా మొదలుపెడతాది. ఇంక మూతెయ్యబాక.”

“అయితే ఆడోళ్లు ఐదింటికి పోతా ఏలిముద్ర వేస్తే నాలుగని పడతాదా?”

“పడతాది. ఏందక్కా, అట్టా అయిపోయినావు?”

“ఈరోజంటే నీకోసం ఆగినా గానీ, రోజూ మూడున్నరకే పోతా నేను, పాపని బడి నుంచి తెచ్చుకోవాల. ఈ లిస్టు చూసి, గంట ముందే పోతుండారని పొద్దున ఆడోళ్లందరినీ కడిగేసినా.”

“వాళ్లేమన్నారు?”

“వాళ్లల్లో పెంచలమ్మ, మిషన్ అబద్ధం చెప్పదు గదమ్మా, ఈరోజు ఇంకో గంట కూర్చుంటాంలే అనింది.”

“ఇప్పుడు టైమెంత?”

“ఐదూ నలభై.”

“షెడ్డులో లైటు వెలగతానే ఉంది. దీన్ని నేను చూసుకుంటా, నువ్వు పోయి వాళ్లని ఇంటికి పంపించు.”

“ఏమని చెప్పేది అబ్బయా?”

“నిద్రపోయింది మిషన్ ఒక్కటే కాదని చెప్పక్కా.”