బోర్లించిన బొక్కెన

పూర్వం మన ఊళ్ళో నాటకం ఆడినవాడు ముఖాన రంగుతో ఇంటి గడప తొక్కేవాడు కాడు. జూబిలీ నాటకశాల వెనక, చింతచెట్టు కింద నుయ్యి ఉందే, మీరంతా చుట్టూ తిరిగి పోతారు తప్ప దాని పక్కనుంచి నడవరే, ఆ నూతిగట్టు మీద కూర్చుని, కొబ్బరినూనెతో రంగు తుడుచుకుని, ఇంకొకరు నీళ్ళు పోస్తుంటే ముఖం కడుక్కునేవాడు. కడిగాక, నీళ్ళు పోసినవాడు అతణ్ణి తల్లి పిలిచే పేరుతో పిలవాలి. అతడు పలకాలి. పలికితే, రాజో రాక్షసుడో దిగిపోయి మనిషి మిగిలినట్టు లెక్క. పలకనిదే గట్టు దిగకూడదు. ఇప్పుడు ఆ అలవాటూ లేదు, ఆ నాటకాలూ లేవు. కాస్త ముందుకు జరగండి, వెనకవాళ్ళకు వినబడదు.

విక్టోరియా రాణి జూబిలీ జరిగిన ఏడు మన జమీందారుగారు మద్రాసులో దొరల నాటకశాల చూసివచ్చి, అచ్చం అలాంటిదే కావాలని, పైన మేడగదులూ, ముందు ఎర్ర మఖమల్ తెరా, గోడల పొడుగునా కిరసనాయిలు దీపాలూ పెట్టించి ఈ నాటకశాల కట్టించారు. ఇప్పుడంటే గబ్బిలాలకు తప్ప ఎవరికీ పనికిరావడం లేదు గాని, అప్పుడు ఏటి అవతలినుంచి కూడా జనం పడవలెక్కి వచ్చేవారు. వచ్చేది విరూపాక్షంగారి కోసం. ఆయన అక్కడ ఆడే నాటక సమాజానికి పెద్ద, పొడగరి, తల తిప్పకుండా కళ్ళు మాత్రమే తిప్పి చూస్తే ఎదుటివాడికి తన మాటలు తనకే మరుపొచ్చేవట.

ఆయన దగ్గర మేనేజరు శేషాచలం. భార్య పోయింది, పిల్లలు లేరు. దీపాలకు నూనె చూసుకోవడం, అలిగిన వేషగాళ్ళను బతిమాలడం, అన్నీ అతనే. నీళ్ళు పోసే పని మాత్రం ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాడు. పగలంతా "అయ్యగారూ" అని చేతులు కట్టుకు నిలబడేవాడు, నాటకం ముగిసిన తెల్లవారుజామున మాత్రం "అబ్బులూ" అని పిలిచేవాడు. విరూపాక్షంగారు "ఆఁ, వచ్చాను, పదవోయ్" అని లేచేవాడు. చేంతాడు చుట్టడం ఇతని వంతు, బొక్కెన బోర్లించడం ఆయన వంతు. తర్వాత మాట్లాడుకుంటూ ఇళ్ళకు పోయేవారు. అంతే. అంతకన్నా ఏముంటుంది చెప్పండి, ఇద్దరు మనుషుల మధ్య?

ఈ శేషాచలం మధ్యాహ్నాలు టిక్కెట్ల గదిలో కూర్చుని ఒక నవల రాశాడు. అందులో గబ్బిలాలు పట్టిన కోటలో చావులేని ఒక దొర ఉంటాడు, పొద్దుగూకాక ప్రతి ఇంటి గడప ముందూ నిలబడతాడు, లోపలివాళ్ళు పిలిస్తేగాని అడుగుపెట్టలేడు. ఇదంతా ఎక్కడినుంచి తెచ్చాడంటారా? గడప ముందు నిలబడే దెయ్యాన్ని పడవవాళ్ళ కబుర్లలోంచి తెచ్చాడు, కోటను మన నాటకశాల వెనక తెరమీది బొమ్మలోంచి తెచ్చాడు, గబ్బిలాలు ఎలాగూ నెత్తిమీదే ఉన్నాయి. ఆ కళ్ళూ, ఆ పొడుగాటి వేళ్ళూ మాత్రం ఎవరివో మీకు వేరే చెప్పాలా.

అది నాటకంగా ఆడాలనీ, ఆ గొంతులో తన మాటలు ఒక్కసారి వినాలనీ అతని కోరిక. విరూపాక్షంగారు చదివి, "ఇన్నేళ్ళు నీళ్ళు పోసి నువ్వు నాలో చూసింది దీన్నా శేషాచలం?" అన్నాడట. పైగా, "నేను వేసిన రాజులూ రాక్షసులూ అందరూ చివరికి చస్తారోయ్. చావనివాడి రంగు కడిగేదెలా?" అన్నాడట. శేషాచలం నవ్వి, కడగడానికి నేను లేనా అయ్యగారూ అన్నాడు. ఆ మాట గుర్తుంచుకోండి.

అలా కొన్నేళ్ళు కాదన్నాడు గాని, దగ్గు పట్టుకుని గొంతు సన్నబడుతున్న రోజుల్లో, ఇక ఎన్నాళ్ళు ఆడతానో, నీ దొర వేషం కానివ్వు అని ఆయనే అన్నాడు. ఆడాడు. ఆడవాళ్ళు పిల్లల కళ్ళు మూసి తాము మాత్రం చూశారట. తెర పడ్డాక జమీందారుగారు శేషాచలాన్ని పిలిపించి, ఎలా తోచిందయ్యా ఇది నీకు అని అడిగారు, అతడు చెప్పాడు, ఇంకొకరు అడిగారు, మళ్ళీ చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అతణ్ణి అలా అడగలేదు మరి. చెబుతూ చెబుతూ ఉండగా తెల్లవారింది, అప్పుడు నీళ్ళు గుర్తొచ్చి పరుగెత్తాడు. విరూపాక్షంగారు గట్టు మీద చింతచెట్టుకు ఆనుకుని, ముఖాన రంగుతోనే ఉన్నాడు. ప్రాణం పోయి ఎంతసేపైందో. అంతకుముందే దిగి వెళ్ళి ఉండవచ్చు, పక్కనే ఇల్లు. కాని నీళ్ళు పోసేవాడు రాలేదు కదా, ఎలా దిగుతాడు?

శేషాచలం రంగు కడిగాడు. పిలవడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ తర్వాత మొదలైంది. ఆ నూతి దగ్గర ఎవరు ఎవర్ని పిలిచినా చెట్టు కిందనుంచి "ఆఁ" అని పలికేది. ఒకనాడు మా నాయనమ్మ మేకను "చుక్కీ" అని పిలిస్తే కూడా "ఆఁ" అని, అంతలోనే, తన పేరు కాదని తెలిసినట్టు చప్పున ఊరుకుందట. మేక నాలుగు రోజులు పాలివ్వలేదు. ఊరివాళ్ళు శేషాచలం ఇంటికి వెళ్ళి, ఆ పేరు పెట్టి పిలిచి ఆయన్ను ఇంటికి పంపవయ్యా, నీ పుణ్యం అన్నారు. రేపు పిలుస్తాను అన్నాడు. ప్రతి తెల్లవారుజామునా వెళ్ళి గట్టు మీద నీళ్ళు పోసి, నిన్నటి సంగతులు చెప్పి, పిలవకుండానే తిరిగి వచ్చేవాడు. పిలిస్తే పలుకుతాడు, పలికితే వెళ్ళిపోతాడు. వెళ్ళిపోతే ఇతనికి మిగిలేదెవరు? అలా రేపు రేపంటూ ముసలివాడైపోయాడు.

ఒక తెల్లవారుజామున బొక్కెన పైకి లాగలేక నూతిగట్టు పట్టుకుని నిలబడిపోయాడు. అటు వెళుతున్న మా నాయనమ్మ తాడు అందుకుని లాగిపెట్టింది. దూరంగా నిలబడు తల్లీ అని, నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాడు. నేను పోతే ఈయన్ను పిలిచేవాడుండడు కదా అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత, "అబ్బులూ" అన్నాడు.

"ఆఁ, వచ్చాను, పదవోయ్."

ఆ గొంతులో దగ్గు లేదని మా నాయనమ్మ చెప్పేది. శేషాచలం కళ్ళు తుడుచుకుని, చేంతాడు తీరుబడిగా చుట్టి, తిరిగి చూసేసరికి బొక్కెన బోర్లించి ఉంది.

మరి ఆయన వెళ్ళిపోయాడు కదా, ఇంకా భయమెందుకు తాతా అంటారు. భయమని ఎవరన్నారు? గట్టు కూలింది, రాళ్ళ సందున తేళ్ళున్నాయి, పోకండి. పోయి పేర్లు పెట్టి కేకలు వేసినా అక్కడ పలికేవాడెవడూ లేడు. అయినా మాట వినక పోతే, తుప్పుపట్టిన ఆ బొక్కెనను మాత్రం కదపకండి. అది ఆయన బోర్లించింది.