కిటికీ గట్టు మీద ఒక్క కుండీకే చోటు

డర్బన్‌లో నాలుగో అంతస్తు ఇల్లు. ఎండ పడే కిటికీ ఒక్కటే. నొంగోమా నుంచి చెప్పాపెట్టకుండా వచ్చిన పెద్దాయన ఒళ్లో కుండీతో కూర్చున్నాడు. ఎదురుగా, ఏడాది కిందట ఆయన కొడుకును పోగొట్టుకున్న కోడలు మాంతూలి.

“ఆ కొత్తిమీర తీసెయ్ మాంతూలీ. ఇది పెట్టు.”

“తీయను మామయ్యా. అది మీ మనవరాలు నొక్వాజీది. పక్కింటి గోవెందరమ్మ ధనియాలిస్తే తనే నలిపి, తనే చల్లింది. పొద్దున లేస్తే ముందు దానికే నీళ్లు.”

“ఒక పూట మరిస్తే తల వాల్చేస్తుందది. ఇది చూడు, ఉమాతితిబాలా మొక్క. నెల్లాళ్లు నీళ్లు పోయకపోయినా కిక్కురుమనదు. ఆకు చూశావా, మొసలి వీపులా?”

“కిటికీలో మొసలెందుకు?”

“కాపలాకి. చెడు తలపెట్టి వచ్చినవాడు దీన్ని చూశాడా, వచ్చిన పని మరిచిపోతాడు. మా ఊళ్లో ఒక పశువుల దొంగ...”

“కింద ఆ తెల్ల వ్యాను ఎవరిది మామయ్యా?”

“విను ముందు. దొంగ దొడ్లో దూరాడు. దీన్ని చూశాడు. బుర్ర మొద్దుబారింది. పేడంతా ఎత్తి, పాలు పితికి, మీ అత్తయ్యని టీ అడిగాడు. మూడేళ్లు మా ఇంట్లోనే పడున్నాడు.”

“వ్యాను మీదే కదా.”

“పాపం ఆ డ్రైవరు రెండున్నర దాకా ఆగుతానన్నాడు.”

“పిల్ల బడి నుంచి వచ్చేది రెండింటికి.”

“అలాగా.”

“మీకు తెలుసు. దాన్ని తీసుకెళ్లడానికే వచ్చారు.”

“నేనొక్కణ్ణే అనుకున్నది కాదమ్మా. అన్నదమ్ములందరం కూర్చున్నాం. కన్యాశుల్కంగా ఆవుల్ని తోలి తెచ్చుకున్న కోడలి బిడ్డ మన గడపలోనే పెరగాలన్నారు. నువ్వు చూస్తే ఆసుపత్రి డ్యూటీలు...”

“మరి ఈ మొక్క?”

“మీ అత్తయ్య పంపింది. ఇల్లు బోసిపోతుంది కదా, ఏదో ఒకటి ఉండాలని.”

“పిల్లకి బదులు.”

“బదులని కాదు...”

“నీళ్లడగదు, పలకరించమనదు. బాగానే ఎంచారు. మీ అబ్బాయి పోయాక నేను పొద్దున్నే ఎందుకు లేస్తున్నాననుకున్నారు? ‘అమ్మా, నా కొత్తిమీర ఇంకో ఆకు వేసింది’ అనే గొంతు కోసం. పిల్ల వెళ్తే ఆ మొక్క మూడో రోజుకి ఎండిపోతుంది మామయ్యా. పోసే చెయ్యి ఉండదు. నాకూ లేవబుద్ధి కాదు.”

“టీ ఉందా?”

“టీయా? రెండు కావొస్తోంది.”

“కొత్తిమీరని అక్కడే ఉండనీ. దీనికి ఎండ అక్కర్లేదు, పొదల నీడన పుట్టింది. గుమ్మం పక్కన పెట్టు. ఆఁ, అలా. చక్కెర మూడు చెంచాలు.”

“వ్యానువాడు అప్పుడే హారన్ కొడుతున్నాడు.”

“కొట్టనీ.”

“రేపు మీ అన్నదమ్ములు అడిగితే ఏం చెప్తారు?”

“దారి పొడుగునా దాన్ని ఒళ్లో పెట్టుకునే వచ్చానమ్మా. మీ అత్తయ్య తెచ్చి ఒళ్లో పెట్టినప్పుడే నాకు తట్టాల్సింది. ఇంతకీ మాంతూలీ, నేనెందుకు వచ్చాను?”